ఇథియోపియాలో కాపురం: అక్కడ ఉన్నవారు, ఉండి వచ్చినవారు చెప్పగలరు

పాడేరు కోడలు: మా వారికి జిమ్మాలోని విశ్వవిద్యాలయంలో అధ్యాపక ఉద్యోగం ఖాయమైంది. సెప్టెంబరు మొదట్లో బయలుదేరాలి. వంటసరుకుల్లో ఏవి అక్కడ దొరుకుతాయి, పాపకు బడి ఎలా, ధరలు జీతానికి అందుబాటులో ఉంటాయా అన్నవి దయచేసి తెలపండి. ఎండల దేశం కనుక నూలు బట్టలే సర్దుతున్నాను.

కొండమీది పంతులు: అమ్మా, ముందు ఆ పెట్టె విప్పి స్వెట్టర్లు పెట్టండి. ఆఫ్రికా అనగానే ఎండ అనుకోవడం మనవాళ్లకు ఎప్పుడు పోతుందో తెలియదు. రాజధాని అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలే, వడగళ్లు కూడా పడతాయి. అదే దేశంలో ఈశాన్యాన ఉన్న దల్లోల్ సముద్రమట్టానికి వంద మీటర్లకు పైగా దిగువన నిప్పుల కుంపటిలా ఉంటుంది. జిమ్మా ఈ రెంటికీ మధ్యస్థం, పచ్చని కాఫీ సీమ. అడిస్‌లో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక గిన్నెలో పెట్టిన కందిపప్పు ఎంతసేపటికీ పలుకు వదలదు. మంచి ప్రెషర్ కుక్కర్, దానికి అదనంగా రెండు గాస్కెట్లు తప్పక తీసుకెళ్లండి.

రేవు లెక్కలు: ధరల సంగతి నేను చెబుతాను. సరకు రవాణాలోనే జీవితమంతా గడిపినవాణ్ణి. ఈ విషయంలో నాకు తెలిసినంత ఇక్కడ మరెవరికీ తెలిసే అవకాశం లేదు. 1993లో ఎరిత్రియా విడిపోయి స్వతంత్ర దేశం కావడంతో ఇథియోపియాకు సముద్రతీరం పోయింది, 1998లో ఆ దేశంతో వచ్చిన యుద్ధంతో అక్కడి అస్సబ్ రేవు దారి కూడా మూసుకుపోయింది. అప్పటి నుంచి దిగుమతుల్లో అత్యధిక భాగం పొరుగు దేశమైన జిబూతి రేవులో దిగి, అక్కడి నుంచి లారీల్లోనో, సుమారు 750 కిలోమీటర్ల విద్యుత్ రైలు మార్గంలోనో రావలసిందే. అక్కడి ధరలు ఎక్కువగా ఉండటానికి మూలం సముద్రం లేకపోవడమే.

అర్థశాస్త్రం మాస్టారు: ఇది సగం నిజం, కనుక మరింత ప్రమాదకరం. ఆఫ్రికాలోనే ఉన్న బోట్స్వానాకు మాత్రం సముద్రం ఉందా, అయినా అది బాగానే ఉంది కదా? అసలు కారణం విదేశీ మారకద్రవ్యం కొరత. 2024 జులైలో ప్రభుత్వం అక్కడి కరెన్సీ అయిన బిర్ మారకపు విలువను మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు డాలరుకు 57 దగ్గర ఉన్న బిర్ కొద్ది నెలల్లోనే వంద దాటింది. బిర్‌లో జీతం తీసుకున్న నాబోటి వాళ్లం ఇంటికి పంపే సొమ్ము మా కళ్లముందే సగమైంది. ఆ బాధ పడినవారికే తెలుస్తుంది. అమ్మా, ఒప్పందంలో జీతం ఏ కరెన్సీలో రాశారో, ఎంత భాగం బయటికి పంపనిస్తారో సంతకానికి ముందే చూసుకోండి.

రేవు లెక్కలు: బోట్స్వానా జనాభా పాతిక లక్షల చిల్లర, పైగా వజ్రాలున్నాయి. పన్నెండు కోట్లు దాటిన జనం దాదాపు ఒకే రేవు మీద ఆధారపడిన దేశాన్ని దానితో పోల్చడం మాస్టారుగారికి తగదు.

ఇంజెరా ఇష్టురాలు: ఇద్దరూ దిగుమతుల గురించే వాదిస్తున్నారు. జనం తినే టెఫ్ అనే చిరుధాన్యం అక్కడి పొలాల్లోనే పండుతుంది కదా! పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి, మితాద్ అనే పెద్ద పెనం మీద చుట్టూ పోసి, మూతపెట్టి ఒకవైపే కాలుస్తారు; ఆ దోసెలాంటిదే ఇంజెరా. శాకాహారులకు అంతకంటే అనువైన దేశం అరుదు. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు, ఈస్టరుకు ముందు 55 రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో ఏ హోటల్లో అడిగినా శిరో అనే శనగపిండి కూర, మిసిర్ వొత్ అనే పప్పు కూర దొరుకుతాయి. మిసిర్ అంటే మన ఎర్ర కందిపప్పే.

రేవు లెక్కలు: టెఫ్ పొలంలో చల్లే ఎరువు ఏ దారిన వస్తుందో ఒకసారి విచారించండి. అదీ జిబూతి నుంచే.

అర్థశాస్త్రం మాస్టారు: ఆ ఎరువు కొనడానికి డాలర్లు కావాలి. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే. వినకూడదని నిశ్చయించుకున్నవారికి ఎంత చెప్పినా ప్రయోజనం లేదు.

విశాఖ గృహిణి: పెద్దలు శాంతించండి, అడిగినావిడ బెదిరిపోతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఇథియోపియా కుటుంబం మా పక్కవాటాలో ఉండేది. ఆవిడ పచ్చి కాఫీ గింజలు కడిగి, మూకుడులో వేయించి, పొగను మా అందరి ముఖాల దగ్గరికీ తెచ్చి చూపించాకే దంచేవారు. జెబెనా అనే మట్టికూజాలో కాచి మూడు విడతలు పోస్తారు. మూడవది బరకా, అంటే దీవెన. మధ్యలో లేవడం మర్యాద కాదు. మీ ఇరుగుపొరుగు పిలిస్తే తీరిక చేసుకుని వెళ్లండి.

పాడేరు కోడలు: అందరికీ కృతజ్ఞతలు. కుక్కరు, స్వెట్టర్లు రాసుకున్నాను. బడి గురించి ఎవరూ చెప్పలేదు.

కొండమీది పంతులు: ప్రాథమిక బడుల్లో బోధన ఎక్కువగా ప్రాంతీయ భాషలోనే, జిమ్మాలో అయితే ఒరోమోలో, అందుచేత ఆంగ్ల మాధ్యమం కావాలంటే ప్రైవేటు బడి చూసుకోవాలి. వేళ చెప్పినప్పుడు మళ్లీ అడగండి: అక్కడి గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది కనుక బడి రెండు గంటలకు అని చెబితే మన లెక్కలో ఉదయం ఎనిమిది. సెప్టెంబరు 11న వాళ్ల కొత్త సంవత్సరం, 27న మెస్కెల్ అనే శిలువ పండుగ. నివాస అనుమతి, బడి ప్రవేశం కాగితాలు ఆ రెంటి మధ్యలో ఇరుక్కోకుండా మొదటి వారంలోనే ఇచ్చేయండి.