అప్‌డేట్: ప్యానెల్‌లో వైర్ల చిక్కు తీరింది

విశాఖపట్నం ఆటోనగర్‌లోని మా ప్యాకింగ్ యూనిట్‌లో ప్రతి సెన్సార్ నుంచి పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) దాకా విడివిడిగా వైర్లు లాగే బాధ తగ్గించే మార్గం ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలామంది ఐఓ-లింక్ అన్నారు, అంటే సెన్సార్లు మామూలు కేబుల్ మీదే డిజిటల్‌గా సమాచారం పంపే పద్ధతి. అదే పెట్టాం, లైను చక్కగా నడుస్తోంది.

యంత్రం పక్కనే ఐపీ67 (దుమ్ము, నీరు చొరబడని) మాస్టర్ బిగించాం; సెన్సార్లన్నీ వచ్చి కలిసే పెట్టె అది. సెన్సార్ల నుంచి దానికి మామూలు ఎం12 (గుండ్రటి స్క్రూ కనెక్టర్) కేబుళ్లు, అక్కడి నుంచి పీఎల్‌సీకి ఒకే ప్రొఫినెట్ (ఫ్యాక్టరీ నెట్‌వర్క్) కేబుల్, కరెంటుకు మరొకటి. అనలాగ్ సెన్సార్ల షీల్డు కేబుళ్లన్నీ తీసేశాం. పాత టెర్మినళ్లు విప్పితే స్క్రూల కింద పచ్చగా చిలుము! ఈ ఉప్పుగాలిలో ఒక్కో జాయింటూ ఒక్కో తలనొప్పి. అవి తగ్గడమే నాకు అన్నిటికన్నా పెద్ద ఊరట.

పాడైన సెన్సార్ స్థానంలో అదే రకం కొత్తది బిగిస్తే, దాచి ఉంచిన సెట్టింగులను మాస్టరే దానికి పంపుతుంది. మాస్టర్‌లో ఆ సదుపాయాన్ని ముందే ఆన్ చేసి ఉంచాలి. రాత్రి షిఫ్టు వాళ్లు ఇప్పుడు ల్యాప్‌టాప్ అవసరం లేకుండానే మార్చేస్తున్నారు.

మాస్టర్ నుంచి సెన్సార్‌కు కేబుల్ 20 మీటర్లు దాటకూడదు. అందుకే కన్వేయర్ చివర రెండో మాస్టర్ పెట్టాం. ఎమర్జెన్సీ స్టాప్ వైరింగ్‌ను మాత్రం ముట్టుకోలేదు. మామూలు ఐఓ-లింక్ భద్రతా సర్క్యూట్లకు పనికిరాదు.