అప్‌డేట్: తాతయ్య పెట్టెలోని పనిముట్టు ఏమిటో తెలిసింది

కావలిలో వడ్రంగం చేసిన మా తాతయ్య పెట్టెలో దొరికిన, పట్టుకారులాంటి ఇనుప పనిముట్టు గురించి ఇక్కడ అడిగాను. పిడి నొక్కితే ముందుకు పొడుచుకొచ్చే చిన్న మేకు, అంచున అంకెలున్న గుండ్రటి బిళ్ల ఉన్నదే. రైలు టికెట్లకు చిల్లులు పెట్టేదని కొందరన్నారు. కాదు, ఇది రంపం పళ్లు వంచే పనిముట్టు.

కిరోసిన్‌తో తుడిస్తే అక్షరాలు తేలాయి: ఎక్లిప్స్, 77. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1889లో మొదలైన జేమ్స్ నీల్ కంపెనీ తయారీ. బిళ్ల మీది అంకెలు అంగుళానికి ఎన్ని పళ్లో చెబుతాయి. మన రంపానికి తగిన అంకెకు బిళ్ల తిప్పి మర బిగించాలి.

మా వీధి మేస్త్రి గారు చేసి చూపించారు. పిడి నొక్కగానే ముందు రంపపు రేకు కదలకుండా పట్టుకుంటుంది, ఆ తర్వాతే మేకు పంటిని తోస్తుంది. ఎంత చక్కటి ఆలోచన! ఒక పన్ను విడిచి ఒక పన్ను ఒక వైపుకు, రంపం తిప్పి మిగిలినవి రెండో వైపుకు. అప్పుడు కోత రేకు కన్నా వెడల్పుగా పడి, పచ్చి వేప దుంగలోనైనా రంపం బిగుసుకోదు. పంటి పై సగమే వంచాలని, మొదలు దాకా వంచితే విరుగుతుందని ఆయన గట్టిగా చెప్పారు. ఇప్పటి గట్టిపరిచిన పళ్ల రంపాలకు మాత్రం దీన్ని వాడకండి.

స్ప్రింగు ఇంకా బిగువుగానే ఉంది. నూనె రాసి, తాతయ్య రంపానికే మొదట వాడాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.