ముడతల్లో వచ్చే సోరియాసిస్‌కి ఏ కోడ్ వేయాలి?

ప్రశ్న: మెడికల్ కోడింగ్‌కి కొత్త. నోట్స్‌లో ‘ఇన్వర్స్ సోరియాసిస్, చంకలు, గజ్జలు’ అని ఉంది. ఐసీడీ-10లో (జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా) ఎల్40.0 (మామూలు సోరియాసిస్) వేయాలా, ఎల్40.9 వేయాలా? పొలుసులు లేవని కూడా డాక్టర్ రాశారు, మరి సోరియాసిస్ ఎలా అవుతుందండీ?

జవాబు: రెండూ కాదు, ఎల్40.8. రకం పేరు రాసి ఉండి దానికి సొంత కోడ్ లేకపోతే .8, అసలు రకమే రాయకపోతే .9. అందరూ అలవాటుగా .9 కొట్టేస్తారు, నాకైతే అది బద్ధకమే అనిపిస్తుంది.

ఇంకో జవాబు: ముడతల్లో చెమటకి, రాపిడికి పొలుసు నిలవదు, ఎర్రగా నున్నగా, అంచు గీసినట్టు కనిపిస్తుంది, అందుకే ఫంగస్ అనుకుని నెలల తరబడి క్రీములు రాస్తుంటారు. కేఓహెచ్ పరీక్షలో (చర్మం గీరి ఫంగస్ కోసం చూసేది) ఫంగస్ కనిపించక, గోళ్లలో గుంటలు గానీ మాడు మీద పొలుసులు గానీ ఉంటే అనుమానం బలపడుతుంది. అప్పటికీ తేలకపోతే బయాప్సీ.

మరొకరు: ‘సోరియాసిస్ కావచ్చు’ అని మాత్రమే రాస్తే జాగ్రత్త. ఐసీడీ-10-సీఎం (ఐసీడీ-10కి అమెరికా రూపం) ఔట్‌పేషెంట్ నిబంధనల ప్రకారం అనుమానానికి కోడ్ వేయకూడదు, లక్షణానికే వేయాలి, దద్దురైతే ఆర్21.

అడిగినవారు: అయ్యో, పోయిన వారం ఇలాంటివే రెండు చార్టులు .9తో పంపేశాను! ఇప్పుడే వెనక్కి అడుగుతా.