అప్‌డేట్: ఆ పొడిదగ్గుకి కారణం తెలిసింది

అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) మెసాలమిన్ అనే మందు మొదలుపెట్టిన రెండు నెలలకు పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నాయని, ఇది మందు వల్లేనా అని అడిగాను కదా. అవును, మందు వల్లే.

రెండు కోర్సుల యాంటీబయాటిక్స్‌కి తగ్గకపోవడంతో సీటీ స్కాన్ తీశారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీ లాంటివి ఉన్నప్పుడు పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా బాగా పెరిగాయి. అయినా డాక్టర్ వెంటనే మందు మీదికి నెట్టేయలేదు. టీబీ, ఇతర ఇన్ఫెక్షన్లు లేవని తేల్చుకున్నారు. పేగు జబ్బు కూడా ఒక్కోసారి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుందట, అదీ చూశారు. ఆ పరీక్షల వారం రోజులూ నాకు ఒకటే టెన్షన్.

మెసాలమిన్ ఆపాక పది రోజుల్లో దగ్గు సగానికి తగ్గింది, స్టెరాయిడ్ అవసరం పడలేదు. ఇలా జరగడం చాలా అరుదు. ఈ జబ్బుకే వాడే సల్ఫాసలజీన్‌లోనూ ఉన్నది ఇదే మందు కాబట్టి నాకు అదీ వద్దన్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ అనే మందుతోనూ ఊపిరితిత్తుల వాపు రావచ్చు, అందుకే ఆ దారి కూడా ప్రస్తుతానికి పక్కనపెట్టారు.

దయచేసి నన్ను చూసి ఎవరూ సొంతంగా మందు ఆపకండి, పేగు జబ్బు తిరగబెడుతుంది. కానీ దగ్గు గురించి పేగుల డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. నేను సంబంధం లేదనుకుని ఆరు వారాలు చెప్పలేదు. వచ్చే నెల మళ్లీ స్కాన్ ఉంది.