‘ది బ్లూయెస్ట్ ఐ’ మీద చర్చ ఎలా నడపాలి? చదివినవాళ్లు సలహా ఇవ్వండి

అమెరికన్ నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్ రాయగా 1970లో వచ్చిన ఈ నవల మీద వచ్చే ఆదివారం మా పుస్తక బృందంలో చర్చ. నడపాల్సింది నేనే, చాలా టెన్షన్‌గా ఉంది.

నీలికళ్లు కావాలని తపించే 11 ఏళ్ల నల్లజాతి పిల్ల పెకోలా మీద కన్నతండ్రే అత్యాచారం చేస్తాడు. ఆ ఘట్టాన్ని మోరిసన్ తండ్రి మనసులోంచి చెప్పారు. ఒకావిడ అక్కడే పుస్తకం మూసేశారు, మళ్లీ తెరవనన్నారు. ఇంకొకాయనకు వాడి చిన్ననాటి కష్టాలు మనకెందుకని కోపం. నాకైతే, తెల్లజాతి బాలనటి షర్లీ టెంపుల్ బొమ్మ ఉన్న కప్పును వదల్లేక అందులో పాలు తాగుతూనే ఉండే పెకోలా కళ్లముందు నుంచి పోవడం లేదు.

చాలామంది పాఠకులు జాలిపడి ఊరుకున్నారే తప్ప తమను తాము నిలదీసుకోలేదని మోరిసనే తర్వాత రాశారు. మా చర్చ కూడా ‘అయ్యో పాపం’ దగ్గర ఆగిపోకూడదని నా ఆశ. కానీ వచ్చేవాళ్లలో చిన్నప్పుడు ఇలాంటిది అనుభవించినవాళ్లు ఉంటే? మధ్యలో లేచి వెళ్లినా అందరి చూపూ వాళ్లమీదే పడుతుంది కదా.

ముందే అందరికీ మెసేజ్ పెట్టాలా? ఆ పేజీలు పైకి చదవకుండా మాట్లాడుకోవచ్చా? ఇలాంటి పుస్తకం మీద చర్చ నడిపినవాళ్లు మొదటి ప్రశ్న ఏం వేశారో దయచేసి చెప్పండి.