కొత్త పైలట్ చిన్న విమానంలో తీసుకుపోతానంటున్నాడు, ఎక్కొచ్చా?

ప్రొద్దుటూరు, డాలస్‌కు కొత్త: ఎమ్మెస్‌కు వచ్చినానన్నా. మా సీనియర్‌కు ఈ మధ్యే పైలట్ లైసెన్స్ వచ్చింది. శనివారం సెస్నా అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని నలుగురం ఆస్టిన్ పోదాం, ఖర్చు తలాకొంచెం వేసుకుందామంటాడు.

అనంతపురం అక్క: తమ్ముడూ, మొహమాటానికి మాత్రం ఎక్కొద్దు. మా ఆయన ఇట్లనే స్నేహితుని మాట కాదనలేక పోయినాడు. దిగేటప్పుడు విమానం రన్‌వే మీద తగిలి ఎగిరింది. అప్పుడు పవర్ ఇచ్చి మళ్లీ పైకి లేపాల. నడిపే ఆ పిల్లోడు బెదిరిపోయి విమానం ముక్కు కిందికి నొక్కినాడు. మూడో దెబ్బకు ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ నేలను గీరుకుంటా పోయి గడ్డిలో ఆగింది. మా ఆయనకు మణికట్టు విరిగింది. ఆసుపత్రి బిల్లు సంగతి అడిగితే విమానం అద్దెకిచ్చిన క్లబ్బోళ్లు పైలట్‌ను అడగమంటారు, పైలట్ ఇన్సూరెన్సోళ్లను అడగమంటాడు, వాళ్లేమో జరిగిందంతా మళ్లీ రాసి పంపమంటారు. బిల్లు వసూలు ఏజెన్సీకి పోయేదాకా ఒక్కరూ పలకలే. నీ హెల్త్ ఇన్సూరెన్స్ కాగితాలు ముందు చదువుకో.

కర్నూలు, హ్యూస్టన్: దిగడం కంటే మబ్బులతోనే నాకు భయం. ప్రైవేట్ లైసెన్స్‌కు కావాల్సింది కనీసం 40 గంటలు ఎగరడమే. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనపడకున్నా మీటర్లు చూసి నడిపే అర్హత, లేనోడు మబ్బుల్లోకి పోకూడదు, ఏది పైనో ఏది కిందో ఒంటికి తెలియదు. 1999 జులైలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు తానే విమానం నడుపుతా రాత్రిపూట మసకలో అట్లనే సముద్రంలో పడిపోయినాడు. ఆయనకు ఆ రేటింగ్ లేదు. భార్య, వదిన కూడా పోయిరి.

నంద్యాల, న్యూజెర్సీ: అనుభవం ఉంటే అన్నీ అయిపోతాయా అబ్బీ? 2009లో పావురాలగుట్ట దగ్గర వైఎస్ హెలికాప్టర్ నడిపినోళ్లు కొత్తోళ్లా? ఇంకోటి, పైలట్ ప్రయాణికుల దగ్గర పైసా తీసుకోకూడదు, అది నేరం.

కర్నూలు, హ్యూస్టన్: మామా, నల్లమల మబ్బుల్లో చేయి తిరిగినోళ్లకే అట్లయితే కొత్తోని గతేంది? ఖర్చు సంగతి మాత్రం మీరనేది తప్పు. అద్దె, ఇంధనం పంచుకోవచ్చు. పైలట్ తన వాటా తాను కట్టాల.

నంద్యాల, న్యూజెర్సీ: మా ఊరి క్లబ్బులో ఒప్పుకోరు.

అనంతపురం అక్క: క్లబ్బు కట్టుబాటు వేరు, చట్టం వేరు మామా. తమ్ముడూ, లాగ్‌బుక్, అంటే ఎగిరిన లెక్కలు రాసుకునే పుస్తకం, చూపించమను. గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు ఎగిరి దిగకుంటే మనుషుల్ని ఎక్కించుకోకూడదు. బరువు లెక్క కూడా అడుగు, సెస్నా 172లో నాలుగు సీట్లున్నా నలుగురు పెద్దోళ్లు, నిండు ట్యాంకులు కలిస్తే మోయలేదు. అడిగినందుకు కోపం చేసుకుంటే పోవద్దు. కారులో ఆస్టిన్ మూడు గంటలే.