స్పైనల్ (వెన్నులోకి ఇచ్చే మత్తు)కి ముందు అల్ట్రాసౌండ్‌తో ఐవీసీ (గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) చూడటం అవసరమా?

ఒంగోలు_పీజీ (చెన్నై)
ఇక్కడ అనస్థీషియా పీజీ చేస్తున్నా. పోయినవారం తుంటి విరిగిన తాత ఒకాయన, రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా లేవు, లిస్టు జరిగి జరిగి కేసు సాయంత్రం ఎక్కింది. స్పైనల్ ఇచ్చిన కాసేపటికే పైబీపీ 70, బీపీ పెంచే మెఫెంటర్మిన్ ఇచ్చి ఫ్లూయిడ్ వదిలితే తేరుకున్నాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నరాలకి మత్తిచ్చే బ్లాకుల కోసం అల్ట్రాసౌండ్ మిషన్ పక్కనే ఉంది, రెండు నిమిషాలు ప్రోబ్ పెట్టి ఊపిరితో ఐవీసీ ఎంత ముడుచుకుంటుందో చూసుంటే ఒళ్ళు ఎండిపోయి ఉందని ముందే తెలిసేదేమో. అందరికీ చూడాలంటాను.

మత్తు_మాస్టారు (బెంగళూరు)
అందరికీ అంటే ఒప్పుకోను బాబూ. సొంతంగా ఊపిరి తీసే మనిషి ఎంత గట్టిగా పీలిస్తే ఐవీసీ అంత ముడుచుకుంటుంది, భయంతో ఎగపీల్చేవాళ్ళలో ఆ నంబరుని ఏం నమ్ముతాం? ఎంత ముడుచుకుంటే నీళ్ళు తక్కువ అనాలన్న కటాఫ్ ఒక పేపర్లో 36 శాతం, ఇంకోదాంట్లో 40 పైన. పైగా బీపీ పడేది నీళ్ళు తక్కువై మాత్రమే కాదు, సింపథెటిక్ నరాలు ఆగి రక్తనాళాలు వదులైపోతాయి, అది ఐవీసీలో కనపడదు.

ఒంగోలు_పీజీ
నిజమే సార్, కానీ 2018లో స్విట్జర్లాండ్ ట్రయల్‌లో ఐవీసీ చూసి ఫ్లూయిడ్ ఇచ్చినవాళ్ళలో 27.5 శాతం మందికి బీపీ పడితే, చూడనివాళ్ళలో 42.5 కదా?

లేబర్‌రూం_అక్క (చెన్నై)
సిజేరియన్‌కి మాత్రం ఇది తేవొద్దు తమ్ముడూ. వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచే ఐవీసీని నొక్కేస్తుంది, ఇంక ఏం కొలుస్తావ్? ఎవరికి పడుతుందా అని చూస్తూ కూర్చోకుండా స్పైనల్ పడగానే బీపీ పడకుండా ఆపే ఫినైలెఫ్రిన్ ఇన్‌ఫ్యూజన్ మొదలెట్టడమే, 2018 అంతర్జాతీయ కన్సెన్సస్ కూడా అదే చెప్పింది. చిన్న నర్సింగ్‌హోముల్లో ఓటీకి మిషనే ఉండదు, గర్భిణి మీద ప్రోబ్ పెట్టాలంటే లింగనిర్ధారణని ఆపే 1994 చట్టం కింద రిజిస్ట్రేషన్, రికార్డులు ఉండాలి, ఆ పని ఎవరు చేస్తారు?

మత్తు_మాస్టారు
అక్క చెప్పింది కరెక్టు. నీ తాతలాంటి వాళ్ళకి చూడు, కాదనను. అయితే ప్రోబ్ ఎలాగూ పెట్టావుగా, కాస్త తిప్పి గుండె కూడా చూడు, అయోర్టిక్ వాల్వ్ బిగిసిపోయిన ముసలాళ్ళకి స్పైనలే ప్రమాదం. ఐవీసీ వెడల్పుగా ఉండి ముడుచుకోకపోతే లీటర్లు పొయ్యొద్దు, లంగ్స్‌లోకి నీరు చేరుద్ది. నన్నడిగితే ఫ్లూయిడ్ ఎవరికి ఇవ్వకూడదో చెప్పడమే దీని అసలు ఉపయోగం.

ఒంగోలు_పీజీ
ఇది నాకు తట్టలేదు సార్. రేపు రెండు తుంటి కేసులున్నాయి, టేబుల్ ఎక్కించకముందే ప్రీఆప్‌లో చూస్తా. కొలత ఎలా ఉన్నా బీపీ పెంచే మందు మాత్రం సిరంజిలో లోడ్ చేసే ఉంచుతా.